జాతి, వ్యక్తి, యంత్రము: ఆబ్జెక్టు ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు విద్య పుట్టుపూర్వోత్తరములు



పండుగకు ఇంటికి వచ్చిన మనుమని తాతగారు ఏమి నేర్చుకొనుచున్నావని యడుగుదురు. జావా యనియో, పైథాన్ అనియో, అందు ఆబ్జెక్టు ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు అనియో మనుమడు బదులు చెప్పును. మంచిది నాయనా యని తాతగారు ఊరకుందురు. మనుమడును అంతకు మించి వివరింపడు. మన కృష్ణా డెల్టాలో ఈ సంభాషణ జరుగని గ్రామము నేడు అరుదు. చదువు నిమిత్తము అరయెకరము అమ్మిన పెద్దకు సైతము ఆ చదువు ఎట్టిదో తెలియకపోవుట విచారకరమైన విషయము. కావున ఆ విద్య ఎచ్చట పుట్టినదో, మన సీమకు ఎట్లు వచ్చినదో, అందు గ్రామములలోని పెద్దలకు గల పని యేమో నేడు మనవి చేసెదను. కంప్యూటరు ముట్టని మాకు అందు పని యేమని తలంపవలదు. పని యున్నది. అది యేదో ప్రసంగము ముగియు లోపల తేటపడును.

ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసి యిచ్చు ఆజ్ఞల పట్టిక. కంప్యూటరు పుట్టిన తొలి దినములలో ఆ పట్టిక యంత్రము నడక ననుసరించి వ్రాయబడుచుండెను. మొదట ఇది చేయుము, పిదప అది చేయుము, ఇట్లయినచో వెనుకకు పొమ్ము అని వరుసగా ఆజ్ఞలుండెను. లెక్క చిన్నదైనపుడు ఇది చాలును. పెద్దదైనపుడు చిక్కు వచ్చును.

ఆ చిక్కు ఎట్టిదో తెలియుటకు విజయవాడ వన్ టౌనులోని ఒక అపరాల టోకు కొట్టును తలంపుడు. లారీ నుండి బస్తాలు దించు ముఠా కూలీలున్నారు. కాటా వద్ద తూకము వేయు గుమాస్తా యున్నాడు. చిట్టా వ్రాయువాడొకడు, ఆవర్జా చూచువాడొకడు, గల్లాపెట్టె వద్ద యజమాని. ఎవరి పని వారిది, ఎవరి పుస్తకము వారిది. ఇపుడు యజమాని యీ యేర్పాటు తీసివేసి, కొట్టులోని పనులన్నియు వేయి పంక్తుల కాగితముపై వరుసగా వ్రాసి గోడకు అంటించెననుకొనుడు. ఏ పంక్తి చదివినవాడైనను గల్లాపెట్టె తెఱువవచ్చును, ఆవర్జా దిద్దవచ్చును. కొన్నాళ్లకు ఒక క్రొత్త పన్ను వచ్చును. వేయి పంక్తులలో ఎన్ని మార్పవలెనో ఎవరికిని తెలియదు. సాయంకాలము పద్దు కలియకపోయినచో తప్పు ఎవరిదో తేలదు. పెద్ద ప్రోగ్రాములు వ్రాయువారికి 1960 ప్రాంతముల ఇట్టి యవస్థయే కలిగెను. 1968లో జర్మనీ దేశమున గార్మిష్ అను ఊర నిపుణులు సమావేశమై, ప్రోగ్రాములు పెరిగినకొలది చేయి దాటిపోవుచున్నవని బహిరంగముగా చర్చించిరి.

అంతకు ముందే దీనికి మార్గమొకటి ఐరోపా ఖండపు ఉత్తరపు కొనయందు, నార్వే దేశములో, పుట్టి యుండెను. ఆ దేశపు రాజధాని ఓస్లో నగరమున నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటర్ అను సంస్థలో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె యోహాన్ డాల్ అను ఇరువురు పండితులు పనిచేయుచుండిరి. వీరి తొలి యుద్దేశము క్రొత్త ప్రోగ్రామింగు పద్ధతి కనిపెట్టుట కాదు. లోకములోని పనులు ఎట్లు నడచుచున్నవో యంత్రములో నడిపించి చూడవలెనని వారి కోరిక. కార్ఖానాలో సరకు ఎచ్చట నిలిచిపోవుచున్నది, వరుసలో నిలుచున్నవారు ఎంతసేపు వేచియుండవలసి వచ్చుచున్నది, పనివాని నొకని పెంచినచో ఏమగును అనునవి వారి ప్రశ్నలు. నైగార్డ్ అంతకు ముందు తన దేశపు రక్షణ పరిశోధన సంస్థలో ఇట్టి లెక్కలే చేసియుండెను. ఈ ప్రశ్నలు యంత్రమునకు తెలుపుటకు సిములా యను భాషను వారు నిర్మించిరి.

ఈ భాష మొదటి రూపములోనే యొక విశేషమున్నది. యంత్రము ఏమి చేయవలెనని గాక, లోకములో ఎవరెవరున్నారు, ఒక్కొక్కరి వద్ద ఏమున్నది, ఒక్కొక్కరు ఏమి చేయుదురు అని వ్రాయుట అందలి పద్ధతి. 1966, 67 సంవత్సరముల మధ్య చలికాలమున వీరికి మఱొక చిక్కు వచ్చెను. ఒక వంతెన వద్ద సుంకము వసూలు చేయు గేటును ఉదాహరణముగా తీసికొనిరి. వరుసలో లారీలున్నవి, బస్సులున్నవి. రెండును వాహనములే, రెండును వరుసలో నిలువవలసినవే. కాని లారీకి సరకు, బస్సుకు ప్రయాణికులు. ఉమ్మడి సంగతులను రెండుచోట్ల వ్రాయుట వ్యర్థము. వేఱు సంగతులను ఒకచోట కలుపుట తప్పు. ఉమ్మడిగా నున్నదానిని పైజాతిగా ఒక్కసారి వ్రాసి, దాని క్రింద ఉపజాతులను ఏర్పఱచుట వీరికి తోచిన యుపాయము. దానితో 1967లో సిములా 67 అను భాష వెలువడినది. ఇపుడు మన పిల్లలు నేర్చు క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్సు అను మాటల వెనుక నున్నవి ఆ వంతెన, ఆ లారీలు, ఆ బస్సులు.

మన పెద్దలకు ఈ సంగతి మఱింత చేరువగా చెప్పవచ్చును. కృష్ణపై పాత ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట విజయవాడ నుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీటినే గాక వర్తకమునకు దారిని గూడ ఇచ్చినవి. ఏలూరు కాలువలో బయలుదేరిన పడవ ఏలూరు వద్ద గోదావరి కాలువను కలిసికొని డెల్టా నుండి డెల్టాకు పోగలిగెడిది. దారిలో లాకులుండెను. లాకు ముందు పడవలు వరుసగా నిలుచును. లస్కరు తలుపు తెఱచి ఒక్కొక్కదానిని లోనికి తీసికొని, నీటిమట్టము సరిచేసి, రెండవ తలుపు నుండి పంపును.

పడవ యనునది ఒక జాతి. లాకు ముందు నిలిచిన ఒక్కొక్క పడవ ఆ జాతికి చెందిన వ్యక్తి. జాతియే క్లాసు, వ్యక్తియే ఆబ్జెక్టు. ప్రతి పడవకును పేరు, యజమాని, పొడవు, చెల్లించిన సుంకము అను గుణములున్నవి. నిలుచుట, కదలుట అను కర్మలున్నవి. లస్కరు పడవ పొడవును, సుంకమును చూచును గాని రంగును చూడడు. తన పనికి కావలసినదానిని గైకొని తక్కినదానిని విడుచుటకు అబ్‌స్ట్రాక్షన్ అని పేరు. సుంకపు చీటీ కావలెనన్నచో పడవవానిని అడుగును గాని వాని పెట్టె తాను తెఱవడు. ఎవరి సొత్తు వారి యధీనమున నుండుట ఎన్‌కాప్సులేషన్. ధాన్యపు పడవకును ప్రయాణికుల పడవకును పడవ లక్షణములన్నియు సంక్రమించి, పైగా ఒకదానికి బస్తాల లెక్కయు, మఱొకదానికి మనుష్యుల లెక్కయు నుండును. ఇది ఇన్‌హెరిటెన్సు, అనగా వారసత్వము. లస్కరు అందఱకును ఒక్కటే చెప్పును: కదలుడని. ఒకడు గడ వేయును, ఒకడు తెరచాప ఎత్తును, ఒకడు ఒడ్డుననుండి త్రాటితో లాగించును. ఆజ్ఞ యొక్కటి, ఆచరణ పలువిధములు, ఇది పాలిమార్ఫిజమ్. పిల్లలు పరీక్షల నిమిత్తము కంఠస్థము చేయు నాలుగు మాటలు ఇవియే. పడవల కాలమెఱిగినవారికి ఇందు కష్టమేమున్నది?

జాతి, వ్యక్తి, గుణము, కర్మ అను మాటలు తర్కశాస్త్ర పరిచయము గలవారికి క్రొత్తవి కావు. 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు బాలుర కొఱకు రచించిన తర్కసంగ్రహములో ద్రవ్యము, గుణము, కర్మ, సామాన్యము, విశేషము, సమవాయము, అభావము అని యేడు పదార్థములు చెప్పబడినవి. అంతమాత్రమున కంప్యూటరు విద్యను మనవారే ముందు కనిపెట్టిరని చెప్పుట పొరపాటు. నార్వే పండితులు తర్కసంగ్రహమును చూచి సిములాను నిర్మింపలేదు. అయినను ఏడవ పదార్థమైన అభావమును ఒకింత గుర్తుంచుకొనుడు. లేకపోవుట యనునది కూడ ఒక పదార్థమని మన తార్కికులు అంగీకరించిరి. దానితో మనకు ముందు పని కలదు.

సిములా తరువాత ఈ దృష్టి లోకమంతట వ్యాపించిన విధమును క్లుప్తముగా చెప్పెదను. అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున అలన్ కే మొదలగువారు 1972 నుండి స్మాల్‌టాక్ అను భాషను పెంచిరి. చిన్నపిల్లలు సైతము యంత్రముతో పనిచేయవలెనని కే ఆశయము. ఆబ్జెక్టు ఓరియెంటెడ్ అను పేరు పెట్టినదియు ఆయనయే. డెన్మార్కు దేశస్థుడైన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జిలో చదువుకొను దినములలో సిములా రుచి చూచి, 1979లో అమెరికాలోని బెల్ లాబొరేటరీసులో, అప్పటికే వాడుకలో నున్న సీ భాషకు క్లాసులు చేర్చుట కారంభించెను. 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అని పేరు వచ్చినది. డచ్చి దేశస్థుడు గీడో వాన్ రోసమ్ 1991లో పైథాన్‌ను వెలువరించెను. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గాస్లింగ్ మొదలగువారు గృహోపకరణముల కొఱకు ఆరంభించిన భాష 1995లో జావా యను పేర లోకమునకు వచ్చినది. డాల్, నైగార్డ్ పండితులకు కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము 2001వ సంవత్సరమునకు లభించినది. ఇరువురును 2002లోనే కాలధర్మము చెందిరి.

మన సీమకు ఈ విద్య ఎట్లు వచ్చినది? హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ తొలి దినములలోనే స్వదేశీ కంప్యూటర్ల నిర్మాణమునకు పూనుకొనెను. విజయవాడ శివారున కానూరులో 1977లో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసినది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డి, అనగా లోకమెఱిగిన రాజ్ రెడ్డి, గిండీలో సివిల్ ఇంజనీరింగు చదివి, అమెరికాలో కృత్రిమ మేధపై కృషి చేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనెను. 2000వ సంవత్సరము వచ్చునపుడు పాత ప్రోగ్రాములలోని తేదీలు తలక్రిందులగునను భయముతో విదేశీ సంస్థలు పనివారిని వెదకినపుడు తెలుగు యువకులు వేలకొలది ఆ పనిలో ప్రవేశించిరి. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. అమీర్‌పేట వీధులు జావా పాఠశాలలతో నిండెను. 2008లో గ్రామీణ బాలబాలికల కొఱకు స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు మన నూజివీడులో నొక ప్రాంగణము కలిగినది. రాజ్ రెడ్డియే దానికి తొలి కులపతి.

ఇట్లు విద్య వచ్చినది, ఉద్యోగములు వచ్చినవి, పెంకుటిండ్లు మేడలైనవి. సంతోషమే. కాని యొక లోపము కూడ వెంట వచ్చినది. నార్వేలో ఈ విద్య వంతెనను, వరుసను, పనివానిని చూచుట నుండి పుట్టినది. మన యొద్దకు వచ్చునప్పటికి అది నాలుగు నిర్వచనముల పాఠమైనది. జంతువు ఒక క్లాసు, కుక్క దాని ఉపజాతి, కుక్క మొఱుగును, పిల్లి కూయును అని పుస్తకములోని యుదాహరణమునే పిల్లలు అప్పగింతురు. ఇంటర్వ్యూలో ఉత్తీర్ణులగుదురు. మార్గమందలి కాలువను గాని, కొట్టునందలి కాటాను గాని, తండ్రి పొలమును గాని ఆ కంటితో చూడరు. చూడకున్న నేమి నష్టమని యడుగవచ్చును. నష్టము వారికి మాత్రమే కాదు. అది యెవరికి తగులునో చెప్పెదను.

1998 నుండి మన రాష్ట్రమున రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లు వచ్చినవి. పిదప పొలముల లెక్కలును, పంట లెక్కలును, సహాయ ధనమును యంత్రము లోనికి పోయినవి. ఇపుడొక యువకుడు తుపానులో పంట నష్టపోయినవారికి పరిహారము పంచుటకు ప్రోగ్రాము వ్రాయుచున్నాడనుకొందము. రైతు అను క్లాసు నేర్పఱచును. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, బ్యాంకు ఖాతా యని గుణములు వ్రాయును. పట్టాదారు పేరే రైతు పేరని తలంచును. ప్రోగ్రాము చక్కగా నడచును. యంత్రమునకు తప్పు కనబడదు. పరిహారము ఏ నగరముననో నివసించు భూస్వామి ఖాతాకు చేరును. అప్పు తెచ్చి, నారు పోసి, మునిగిన చేనిని చూచి గట్టుపై కూర్చున్న కౌలు రైతు ఆ క్లాసులో లేడు. లేనివానికి ధనమెట్లు చేరును? అభావము పదార్థమేనని మన తార్కికులు చెప్పినది ఇచ్చట అనుభవమునకు వచ్చుచున్నది.

కౌలు రైతును గుర్తించుటకు 2011లో నొక చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమను మఱొకటియు వచ్చినవి. రెండవదాని క్రింద పదునొకండు మాసముల కాలమునకు పత్రమిచ్చు ఏర్పాటు చేయబడెను. ఆ చట్టము దానికి భూస్వామి సమ్మతిని కోరెను. సంతకము పెట్టుటకు భూస్వాములు ఏల జంకుదురో మన శ్రోతలకు నేను చెప్పనక్కఱలేదు.

యువకుడు తన తప్పు తెలిసికొని, రైతు జాతి క్రింద సొంత రైతు, కౌలు రైతు అని రెండు ఉపజాతులు వ్రాసెననుకొందము. పాఠము చదివినవాడు అట్లే వ్రాయును. అపుడు గ్రామములోని పెద్ద ఒకడు చూచి, అది కూడ తప్పే యని చెప్పగలడు. ఏలననగా మన యూరిలో ఒక్క మనిషికే సొంతముగా ఎకరమున్నది, కౌలుకు మూడెకరములున్నది. సార్వాకు తీసికొన్న చేను దాళ్వాకు వదలుకొనును. సొంతము, కౌలు అనునవి మనుష్యులలో జాతులు కావు. మనిషికి, చేనికి, కారుకు నడుమ నున్న సంబంధములు. కావున సాగు అనునదే వేఱుగా ఒక జాతిగా వ్రాయవలెను. ఏ చేనిని, ఏ కారున, ఎవరు, ఏ హక్కుతో దున్నిరి అనునవి దాని గుణములు. నిపుణులైన ప్రోగ్రామర్లు సైతము వారసత్వమును మితముగా వాడి, సంబంధములను వేఱుగా నిలుపుమని బోధింతురు. పుస్తకములు చదివి చిరకాలమునకు తెలిసికొను ఆ సంగతిని చేనిగట్టు నెఱిగిన పెద్ద ఒక్క మాటలో చెప్పును. ఇదియే పెద్దలకు గల పని యని మొదట నేను మనవి చేసినది.

ఈ మాట నా స్వంత కల్పన కాదు. సిములా నిర్మించిన నైగార్డే దీనిని గ్రహించెను. ఇతరుల పనిని యంత్రములో చిత్రించు విద్య, ఆ పనివారి బ్రతుకును మార్చు శక్తి గల విద్య యని ఆయనకు తోచినది. అందువలన 1970 తరువాత ఆయన నార్వే దేశపు ఇనుము, లోహ కార్మికుల సంఘముతో కలిసి పనిచేసెను. కార్ఖానాలో కంప్యూటరు పెట్టునపుడు అది యేమి చేయునో పనివారు నేర్చుకొనవలెను, దాని యేర్పాటులో వారి మాట చెల్లవలెను అని ఉద్యమించెను. దాని ఫలితముగా ఆ దేశమున కార్మికులకును యజమానులకును మధ్య ఈ విషయమై ఒడంబడికలు జరిగినవి. విద్యను సృష్టించినవాడే, పనివానిని అడుగక ఈ విద్యను వాడరాదని చెప్పెను. ఆ సగము పాఠము మన పాఠశాలలకు రాలేదు.

కావున శ్రోతలకు నా మనవి యిది. మనుమడు ఇంటికి వచ్చినపుడు ఊరకుండవలదు. నీవు నేర్చిన క్లాసులతో మన లాకును వ్రాయుము, వన్ టౌనులోని అపరాల కొట్టును వ్రాయుము, మన యూరి సాగును వ్రాయుము అని యడుగుడు. వాడు వ్రాసినదానిని తెలుగున మీకు చదివి వినిపింపుమనుడు. ముఠా కూలి యేడీ, కౌలు రైతు ఏడీ యని ప్రశ్నింపుడు. మీకు ఆంగ్లము రాకపోవచ్చును. కాని ఎవరున్నారో, ఎవరు లేరో మీకు తెలియును. వాడు మొదట విసుగుకొనవచ్చును. రెండుమూడు ప్రశ్నలైన పిమ్మట కాగితము తీసికొని మీ ప్రక్కన కూర్చుండును. ఆ దినమున వానికి నిజముగా ఆ విద్య ప్రారంభమగును.